దిల్లీ స్టేషన్లో సామాన్ల మీద కూచున్నామె

ఫరీదాబాద్ నుంచి ఒకామె రైలెక్కి దిల్లీ చూడ్డానికి పోయింది. మొగుడే తీసుకుపోయాడు. స్టేషన్లో దిగాక ఆమెను సామాన్ల మీద కూచోబెట్టి, తెలిసినాయన ఎవరో కనిపిస్తే ఆయన వెంట వెళ్లిపోయాడు. బురఖా చుట్టుకుని, వచ్చేపోయే జనాన్ని చూస్తూ, వాళ్లు తనను చూసే చూపుల్ని భరిస్తూ ఆమె అక్కడే కూచుంది. చాలాసేపటికి ఆయన తిరిగొచ్చాడు. తను హోటల్లో తినేశాడు, ఆమెకు కావాలంటే పూరీలో ఏవో తెచ్చిపెడతాడట. ఆమెకు ఒళ్లు మండి ఇంటికి తీసుకుపొమ్మంది. ఆమె చూసిన దిల్లీ అంతే. ఊళ్లో తన చుట్టూ చేరిన ఆడవాళ్లకు ఆమె చెప్పిన ఆ ముచ్చటే 'దిల్లీ కీ సైర్' అనే కథ. రాసింది డాక్టర్ రషీద్ జహాన్.

ఈమె మాకు తెలుసు. కాజీపేట జంక్షన్లో రేకుపెట్టె మీద కూచున్న మా నానీ ఈమె. ఉర్సుకి పోయేటప్పుడు బస్టాండులో పరుపుచుట్ట మీద కూచుని, మూటలు లెక్కపెట్టుకుంటూ, మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడిన మా ఖాలా ఈమె. ఆ మూటల పక్కన కాపలాగా కూచున్న పిల్లలం మేమే. అబ్బా చాయ్ తాగి వచ్చేదాకా కదలొద్దని మాకూ చెప్పి పోయేవారు. మా నానీ లాంటి మనిషి గురించి ఎవరో ఎప్పుడో రాసిపెట్టారని, ఆ రాత ఉన్న పుస్తకాన్ని సర్కారు నిషేధించిందని మాకు తెలిసేసరికి మా తలలు నెరవడం మొదలైంది.

ఆ పుస్తకం 'అంగారే'. నిప్పుకణికలు అని అర్థం. 1932 డిసెంబర్లో లక్నోలో అచ్చయింది. రాసినవాళ్లు నలుగురు. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాన్, మహమూదుజ్జఫర్. అప్పటికి ఒక్కరికీ ముప్పై నిండలేదు. మొత్తం తొమ్మిది కథలు, ఒక నాటిక. నాటిక కూడా రషీద్ జహాన్‌దే, 'పర్దే కే పీఛే'. అందులో జరిగేదల్లా పరదా వెనక ఆడవాళ్లు కూచుని మాట్లాడుకోవడమే. ఏటేటా కాన్పులు, సగం చచ్చిన ఒళ్లు, ఇంకో పెళ్లి చేసుకుంటానని మొగుడి బెదిరింపు, ఆయన్ని నిలుపుకోవడానికి చేయించుకున్న ఆపరేషన్. ఆమె దిల్లీ లేడీ హార్డింజ్‌లో చదివిన డాక్టరు. రోగి చెబుతుంటే అడ్డుపడకుండా విన్న తీరులో ఉంటుంది ఆ రాత. సజ్జాద్ జహీర్ కథల్లో ఒక మౌల్వీ ప్రార్థన మధ్యలో నిద్రపోయి స్వర్గంలోని హూర్లను కలగంటాడు. ఇంకో కథలో దులారీ అనే పనిపిల్లను ఆ ఇంటి కొడుకే పాడుచేసి చేతులు దులుపుకుంటాడు. మహమూదుజ్జఫర్ తన మగతనం లోకానికి చూపించుకోడానికి భార్యను కాన్పుకీ, చావుకీ తోసిన మనిషి కథ రాశాడు.

గొడవ ఎలా జరిగి ఉంటుందో మా పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. మసీదుల్లో ప్రసంగాలు, పత్రికల్లో శాపాలు, ఫత్వాలు. నలుగురిలో ఒక్కతే ఆడమనిషి, ఎక్కువ బెదిరింపులు ఆమెకే. ముక్కు కోస్తామన్నారు, ముఖం మీద యాసిడ్ పోస్తామన్నారు. 'అంగారేవాలీ' అని పేరు పెట్టి పిలిచారు. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 295ఎ సెక్షన్ కింద పుస్తకాన్ని నిషేధించింది. దొరికిన ప్రతుల్ని నాశనం చేసింది.

ఈ 295ఎ దగ్గర కొంచెం ఆగాలి. అది 1927లో వచ్చింది. లాహోర్‌లో 'రంగీలా రసూల్' అనే పుస్తకం మా ప్రవక్తను అవమానించిందని కేసు నడిచింది. అచ్చువేసినవాణ్ని శిక్షించడానికి చట్టంలో దారి లేదని హైకోర్టు వదిలేసింది. అప్పుడు ముస్లింలలో రేగిన ఆందోళన ఫలితం ఈ సెక్షన్. మనల్ని కాపాడమని మనమే అడిగి తెచ్చుకున్న తాళం అది. ఆరేళ్లు తిరక్కుండా దాన్ని మన పిల్లల నోటికే వేయించాం. ఇవాళ మా పెద్దలు ఏదైనా పుస్తకం పేరు చెప్పి నిషేధించమని అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకి బయల్దేరినప్పుడల్లా మాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆ నలుగురూ లొంగలేదు. 1933 ఏప్రిల్లో అలహాబాద్ 'లీడర్' పత్రికలో మహమూదుజ్జఫర్ ఒక ప్రకటన ఇచ్చాడు. క్షమాపణ చెప్పే ఉద్దేశం లేదన్నాడు. ఇలాంటి రాతలు రాసేవాళ్లకు ఒక సంఘం ఉండాలని కూడా అన్నాడు. ఆ తర్వాతే లండన్‌లో చదువుకునే మన విద్యార్థుల సమావేశాలు, 1935 నాటి ప్రణాళిక, 1936 ఏప్రిల్లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల తొలి మహాసభ. తెలుగులో 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మొదలైన అరసం ఆ చెట్టు కొమ్మే.

మా పేచీ ఇక్కడ. అభ్యుదయ సాహిత్యోద్యమం గురించి తెలుగులో మేం చదువుకున్న వ్యాసాలు చాలామటుకు లండన్‌లో మొదలై లక్నోకి వస్తాయి. ఫాసిజం, హిట్లర్, పారిస్‌లో రచయితల సభ, తర్వాత ప్రేమ్‌చంద్. నిషేధించిన పుస్తకం కనపడదు. కనపడినా ఒక వాక్యంలో దాటిపోతుంది. దేశంలో సంఘటిత అభ్యుదయ సాహిత్యానికి తొలి నిప్పు రాజేసింది నలుగురు ముస్లిం రచయితలు. వాళ్లు రాసింది గనుల గురించో, మిల్లుల గురించో కాదు, తమ ఇళ్ల గురించి. తమ జనానాలో, తమ వంటింట్లో, తమ జానమాజ్ మీద ఏం జరుగుతోందో రాశారు. ఆ ముక్క చెప్పకుండా చరిత్ర రాస్తే ఏమవుతుంది? అరవై ఏళ్ల తర్వాత మేం మా ఇళ్ల గురించి రాయబోతే, 'మీ మతం గొడవ బయట వదిలి రండి, ఇది వర్గపోరాటం' అని మాకు పాఠం చెప్పే వీలు కలుగుతుంది. అభ్యుదయం మా గుమ్మంలోంచే బయటికెళ్లిందని తెలిసుంటే గుమ్మం బయట మాకు చెప్పులు విప్పించేవాళ్లు కాదేమో.

అలాగని ఆ నలుగుర్నీ నెత్తిన పెట్టుకుని ఊరేగడం మా ఉద్దేశం కాదు. సజ్జాద్ జహీర్ తండ్రి సర్ వజీర్ హసన్ అవధ్ చీఫ్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి. రషీద్ జహాన్ తండ్రి షేక్ అబ్దుల్లా అలీగఢ్‌లో ఆడపిల్లల విద్యాసంస్థ పెట్టిన పెద్దమనిషి. అందరూ బంగళాల్లో పెరిగినవాళ్లు. దులారీ కష్టం వాళ్లకు తెలుసు, కాని దులారీ వాళ్లకు పనిమనిషి. దూదేకులాయన, కసాయి, జులాహా, గాజుల మలారం మోసే ఆమె ఆ పుస్తకంలో మాట్లాడరు. మా తరంలో రాసినవాళ్లం ఎక్కువమందిమి ఆ ఇళ్లనుంచే వచ్చాం. సైకిల్ షాపులోంచి, టైలర్ మిషన్ పక్కనుంచి, బీడీల చేటల దగ్గర్నుంచి వచ్చినవాళ్లం. కాబట్టి 'అంగారే' మాకు పూర్తిగా అద్దం కాదు. తలుపు మాత్రం.

ఇక హైదరాబాద్ సంగతి. 1945 అక్టోబర్లో అక్కడ ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. ఆ సభ మీద కిషన్ చందర్ 'పౌదే' అని ఒక పుస్తకమే రాశాడు. అప్పటికి ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' కథ మీద అశ్లీలమని లాహోర్ కోర్టులో కేసు. మంటో మీదా కేసులే. సర్కారు ఒకవైపు వెంటాడుతుంటే, సాహిత్యంలో అశ్లీలతను ఖండిస్తూ ఒక తీర్మానం ఈ సభ ముందుకే వచ్చింది. తెచ్చింది మార్క్సిస్టు పండితుడు డాక్టర్ అబ్దుల్ అలీమ్. లేచి అడ్డం తిరిగింది ఎవరనుకున్నారు? మౌలానా హస్రత్ మొహానీ. ఐదుపూటలా నమాజు చేసే మనిషి, ఎన్నోసార్లు హజ్‌కి పోయొచ్చిన మనిషి. ఆ తీర్మానం నెగ్గలేదు.

ఈ మౌలానా గురించి తెలుగు పాఠకులకు రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేం. 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టి, గాంధీగారితో కాదనిపించుకున్నాడు. 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదాన్ని ఈ దేశానికి ఇచ్చినవాడిగా ఆయన్నే చెప్పుకుంటారు. 1925లో కాన్పూర్‌లో జరిగిన కమ్యూనిస్టుల మహాసభకు ఆహ్వానసంఘం అధ్యక్షుడు. కృష్ణుడి మీద ప్రేమతో కవిత్వం రాశాడు. మౌల్వీ అంటే చీకటి, మార్క్సిస్టు అంటే వెలుగు అని బొమ్మ గీసుకున్నవాళ్లు ఈయన్ని ఏ పక్కన నిలబెడతారు? మాకైతే మా మొహల్లాలో గడ్డం పెంచుకుని, జేబులో తస్బీతో యూనియన్ జెండా పట్టుకుని నడిచిన మేస్త్రీలు, హమాలీలు గుర్తొస్తారు. వాళ్లకు ఈ రెండింటి మధ్య ఇబ్బంది ఎప్పుడూ కలగలేదు. ఇబ్బంది అంతా వాళ్ల గురించి రాసేవాళ్లకే.

ఆ సభకు ఏడాది ముందే మఖ్దూమ్ మొహియుద్దీన్ తొలి సంపుటి 'సుర్ఖ్ సవేరా' వచ్చింది. మఖ్దూమ్ 1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, బాబాయి పెంచాడు. మసీదు ఊడ్చాడు, నీళ్లు మోశాడు. రష్యా అనే దేశంలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూచుని తింటారట అని ఆ బాబాయే చెప్పాడు. మఖ్దూమ్ చెవిన కమ్యూనిజం మొదట పడింది ఆ మాటగానే. మాకు ఈ సంగతి చాలా ఇష్టం. పరచిన గుడ్డ చుట్టూ పెద్దా చిన్నా కూచుని తినడం మా ఇళ్లలో రోజూ ఉన్నదే. ఎక్కడో దేశంలో ఊరంతా అలా కూచుంటుందని వింటే ఆ పిల్లాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది?

ఆ పిల్లాడే 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాడు. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచాడు. 1969 ఆగస్టులో దిల్లీలో చనిపోయాడు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. హిమాయత్‌నగర్‌లో పార్టీ ఆఫీసుకు ఆయన పేరే ఉంది. కాని మా చేతికి ఆయన కవిత్వం ఎలా అందింది? 'చా చా చా', 'గమన్', 'బజార్' సినిమా పాటలుగా. రేడియోలో. మా అబ్బా గొంతు కలిపి పాడుతుంటే. అది మఖ్దూమ్‌దని మాకు చెప్పినవాళ్లు లేరు. ఉర్దూ లిపి రాని ముస్లింలం మేం. ఇంట్లో మాట్లాడే భాష వేరు, బళ్లో రాసే భాష వేరు. తెలుగులో సాయుధ పోరాట సాహిత్యం అంటే దాశరథి, 'మా భూమి' నాటకం, యాదగిరి పాట. అవన్నీ మావే, గర్వంగానే చెప్పుకుంటాం. 'మా భూమి' నాటకంలో బందగీ పాత్ర ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుల్లో కొట్లాడి 1941లో హత్యకు గురైన కామారెడ్డిగూడెం షేక్ బందగీ పేరది. ఆ పోరాటంలోనే పార్టీ నాయకుడిగా ఉన్న మఖ్దూమ్ రాతలు మాత్రం 'ఉర్దూ శాఖ'లోకి పోయాయి. ఉర్దూ అంటే నిజాం భాష, నిజాం అంటే ముస్లిం, ముస్లిం అంటే రజాకార్ అనే లెక్క తెలుగు మనసులో ఎంత లోతుగా దిగిందంటే, ఆ లెక్కను బతుకంతా తప్పని నిరూపించిన మనిషిని కూడా విగ్రహం చేసి నిలబెట్టారే తప్ప తెచ్చి చదవలేదు. అనువదించినవాళ్లున్నారు, వాళ్లకు మా సలాం. పాఠ్యపుస్తకాల దాకా, మా బడి దాకా ఆ అనువాదాలు రాలేదు.

షోయబుల్లాఖాన్ సంగతీ అంతే. 'ఇమ్రోజ్' సంపాదకుడు. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో చేయి నరికి చంపారు. ముప్పై నిండలేదు. మా దేశభక్తి మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన్ని సర్టిఫికెట్ లాగా తీసి చూపిస్తారు, పని అయ్యాక మడిచి లోపల పెట్టేస్తారు. ఆయన ఏం రాశాడని అడిగినవాళ్లను మేం చాలా తక్కువమందిని చూశాం.

తెలుగులో తిరుగుబాటు సాహిత్యానికి వద్దాం. 1927లో చలం 'మైదానం' రాశాడు. రాజేశ్వరి మొగుణ్ని, ఇంటిని, కులాన్ని వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది. ఎంత ధైర్యమైన రాతో మేం కాదనం. మేమూ దొంగతనంగా చదివి పెరిగినవాళ్లమే. కాని చదివి మూసేశాక అమీర్ మాకు ఒక దేహంగా, ఒక కోరికగా గుర్తుంటాడు. అతని వాళ్లమ్మ ఏం వండేదో, రంజాన్‌కి ఇంటికి పోవాలనిపించేదో లేదో గుర్తుండదు. రాజేశ్వరికి వదిలిపెట్టడానికి ఒక ఇల్లుంది. అమీర్‌కి మైదానమే. తెలుగు సాహిత్యంలో ముస్లిం చాలాకాలం ఆ మైదానంలోనే నిలబడి ఉన్నాడు, ఎవరో స్వేచ్ఛ వెతుక్కుంటూ వచ్చేదాకా.

1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాద్‌లో రిక్షా తొక్కే నాంపల్లి పాండు దిగంబర కవుల తొలి సంపుటిని ఆవిష్కరించాడు. ఆరుగురు కవులు. కులాన్ని మోసే సొంత పేర్లు విప్పేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. రెండో సంపుటిని విజయవాడలో హోటల్ సర్వర్, మూడోదాన్ని 1968లో విశాఖపట్నంలో బిచ్చమెత్తుకునే ఆమె ఆవిష్కరించారు. తెలుగు కవిత్వం వీధిలోకి దిగిన రాత్రులవి. వాళ్లలో ముగ్గుర్ని 1971లో ప్రభుత్వం నిర్బంధించింది కూడా. ఆ తిట్లలో ఆడవాళ్ల మీద పడినవి మాకు నచ్చవు, అది వేరే మాట. మేం ఆలోచించేది పేర్ల గురించి. పేరు విప్పేస్తే రెడ్డికి కులం పోతుంది, కనీసం కాగితం మీద. మా పేరు విప్పేస్తే ఏం పోతుంది?

ఆ తర్వాత 1970ల మొదట్లో పైగంబర కవులు వచ్చారు. దిగంబరకు ప్రాసగా దొరికిన ఆ మాట మా ఇళ్లలోది, ప్రవక్త అని అర్థం. ఆ గుంపులో ఒకరు దేవిప్రియ. తాడికొండలో పుట్టిన షేక్ ఖాజా హుస్సేన్ ఆయన. 'రన్నింగ్ కామెంటరీ'తో తెలుగు పత్రికల్లో రాజకీయ వ్యంగ్యాన్ని పద్యం చేసి నడిపించారు. 'గాలిరంగు'కి 2017లో సాహిత్య అకాడెమీ వచ్చింది, 2020లో వెళ్లిపోయారు. 'ఖాళీ సీసాలు' కథ రాసిన స్మైల్ అసలు పేరు మహమ్మద్ ఇస్మాయిల్. కలం పేరు పెట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది, మేం తప్పుపట్టడం లేదు. మాలో కొందరం కూడా మొదటి కథ పంపేటప్పుడు అలాంటి పేర్లే వెతుక్కున్నాం. మాలో ఒకరి కథను ఒక పత్రిక తిప్పి పంపుతూ, ఇందులో మీవాళ్ల మాటలు ఎక్కువయ్యాయి, సామాన్య పాఠకుడికి అర్థం కావని రాసింది. ఆ మాటలు ఏవంటే ఖాలా, దస్తర్‌ఖాన్, జనాజా. అదే సంచికలో సంధ్యావందనం మీద అరపేజీ వర్ణన ఉంది. దానికి అర్థాలు ఇవ్వలేదు.

1990 డిసెంబర్లో హైదరాబాద్ కత్తిపోట్లు, కర్ఫ్యూ. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'. పుట్టుకనే నేరంగా మోయాల్సొచ్చిన మనిషి గొంతు తెలుగులో మొదటిసారి అంత గట్టిగా విన్నాం. ఏడాది తిరిగేసరికి 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు. 1998లో 'జల్‌జలా' వచ్చేనాటికి మేం ఒక్కరొక్కరం కాదు. కారంచేడు, చుండూరుల తర్వాత దళిత కవులు, మరోపక్క స్త్రీవాదులు దారి తెరిచి ఉంచారు. ఆ దారిన మేమూ మా పేర్లతోనే నడిచాం.

నడవగానే రెండువైపులా గొంతులు లేచాయి. బురఖా గురించి రాస్తే సెక్యులర్ మిత్రులు భుజం తట్టి ముందు పేజీల్లో వేశారు. ఇల్లు అద్దెకివ్వని ఓనరు గురించి, పోలీస్‌స్టేషన్లో పేరు విని మారిన ముఖం గురించి రాస్తే అదే మిత్రులు 'కొంచెం మతతత్వం ధ్వనిస్తోంది' అన్నారు. మొదటి దానికి మా మొహల్లా పెద్దలు కోపగించుకున్నారు. బయట మన మీద కత్తులు నూరుతుంటే లోపలి మురికి నువ్వే బజార్లో ఉతుకుతావా అన్నారు. రెండో దానికి మెచ్చుకుని మిఠాయి పెట్టారు. ఒకే చెయ్యి రాసిన రెండు రాతలు, చెరోవైపు చెరోటి కావాలి. రషీద్ జహాన్‌ని సగానికి కోయడం లాంటిదే ఇది. ఆమె పరదా మీదా రాసింది, సర్కారు మీదా కొట్లాడి జైలుకీ పోయింది. పేద ఆడవాళ్లకు వైద్యం చేసింది. 1952లో జబ్బుతో మాస్కో వెళ్లి అక్కడే చనిపోయింది. ఆమె సమాధి మీద కమ్యూనిస్టు, డాక్టరు, రచయిత అని మూడు మాటలున్నాయి.

'అంగారే' 1995లో దిల్లీలో మళ్లీ ఉర్దూలో అచ్చయింది. 2014లో ఒకే ఏడాది రెండు ఇంగ్లీషు అనువాదాలు వచ్చాయి. మాకు మొదట దొరికింది దేవనాగరిలో ఉన్న జిరాక్స్ కాగితాలు. బళ్లో రెండో భాషగా నేర్చుకున్న హిందీతో మా సొంత భాష కథను కూడబలుక్కుని చదివాం. ఒక ఆదివారం మాలో ఒకరి ఇంట్లో అమ్మీనీ, ఖాలానీ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లనీ కూచోబెట్టి 'దిల్లీ కీ సైర్' పైకి చదివి వినిపించాం. కథంతా రెండు మూడు పేజీలే. పూరీల దగ్గర అందరూ ఒకేసారి నవ్వారు. చదవడం అయ్యాక అమ్మీ ఒక అనుమానం అడిగింది.

'అంతసేపు కూచుంది గదా, సామాన్లల్ల తాగనీకి నీళ్లు పెట్టుకోలేదా?'

'పెట్టుకునే ఉంటది,' అంది ఖాలా. 'తాగాలంటే నఖాబ్ ఎత్తాలె గదా.'